బుల్‌పప్ రైఫిల్ కొనుక్కోవచ్చా? కొంటే ఆటకు పనికొస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం. వయసు 26. కాకినాడలో ఒక క్లబ్బులో రెండేళ్లుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను. టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర బుల్‌పప్ రైఫిల్ ఉంది. పొట్టిగా, చేతిలో ఇమిడిపోయేలా ఉంటుంది. అలాంటిది ఇక్కడ స్పోర్ట్స్ కోసం కొనుక్కోవచ్చా? ఒక డీలర్ తన దగ్గర 5.5 ఎంఎం పీసీపీ (ముందే గాలి నింపి ఉంచే రకం) బుల్‌పప్ ఉందని, ఎయిర్‌గన్నే కాబట్టి లైసెన్సు అక్కర్లేదని అంటే పది వేలు అడ్వాన్సు ఇచ్చాను. నాన్నగారి పేరున పాత డబుల్ బ్యారెల్ తుపాకీ, దానికి లైసెన్సు ఉన్నాయి. అందులో దీన్ని కూడా రాయించవచ్చా? కైకలూరు వైపు చేపల చెరువులున్న మా మావయ్య నీటికాకులను కొట్టడానికి కూడా పనికొస్తుందంటున్నారు.

జవాబు: అడ్వాన్సు ఇచ్చానన్నారు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. మిగతా డబ్బు కట్టకండి. ఆ వస్తువును ఇంటికి తెచ్చుకోకండి. డీలర్ మీకు చెప్పింది తప్పు.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట మన వైపు బాగా పాతుకుపోయింది. 2016 నాటి ఆయుధ నియమాలు ఆ వెసులుబాటును రెండు హద్దుల మధ్య పెట్టాయి. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, గొట్టం చివర గుండు శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెంటిలో ఏది దాటినా అది లైసెన్సు కావలసిన ఆయుధమే. మీకు చూపించింది 5.5 ఎంఎం. అంటే శక్తి ఎంతన్నది చూడకుండానే బోరు దగ్గరే హద్దు దాటింది. లైసెన్సు లేకుండా అలాంటిది దగ్గర ఉంచుకుంటే ఆయుధ చట్టం సెక్షన్ 25(1బి) కింద కేసు కడతారు. 2019 సవరణ తరవాత ఆ శిక్ష రెండేళ్లకు తగ్గదు, అయిదేళ్ల దాకా పోవచ్చు, పైగా జరిమానా. ఇరవై ఆరేళ్ల కుర్రాడికి పాస్‌పోర్టు, ఉద్యోగం, వీసా అన్నీ ముందున్న వయసిది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇదే డీలర్ రేపు “సరే, 4.5 ఎంఎంలో ఇస్తాను” అనవచ్చు. అప్పుడు రెండో హద్దు చూసుకోవాలి. పీసీపీ తుపాకీల్లో గాలి ఒత్తిడిని, సుత్తి స్ప్రింగును సర్దుకునే వీలు ఉంటుంది. సుమారు అర గ్రాము, కచ్చితంగా చెప్పాలంటే 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 270 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 19 జౌళ్ల పైచిలుకు. అదే పెల్లెట్ 280 మీటర్ల వేగం అందుకుంటే 20 జౌళ్లు దాటిపోతుంది. అంటే స్క్రూ కాస్త తిప్పితే చాలు, నిన్నటి దాకా లైసెన్సు అక్కర్లేని వస్తువు ఇవాళ లైసెన్సు కావలసిన ఆయుధమవుతుంది. పోలీసులు పట్టుకుని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపితే అక్కడ కొలిచేది ఆ రోజు ఉన్న శక్తినే. డబ్బా మీద అచ్చువేసిన అంకె అక్కడ మిమ్మల్ని కాపాడదు. మీరు క్లబ్బులో వాడే మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్లకు మించదు. పది మీటర్ల ఆటకు అంతకన్నా అవసరమే లేదు.

ఇక మీ అన్నయ్య దగ్గరున్న రకం. బుల్‌పప్ అంటే మ్యాగజైను, తూటా పేలే భాగం ట్రిగ్గర్‌కు వెనక, దాదాపు భుజం దగ్గర ఉండే అమరిక. బ్యారెల్ పొడవు తగ్గించకుండానే తుపాకీ మొత్తం పొడవు తగ్గుతుంది. ఇరుకైన వాహనాల్లోంచి దిగే సైనికులకు అది కావాలి. ఆస్ట్రియా వారి స్టెయర్ ఆగ్, బ్రిటన్ వారి ఎస్‌ఏ80, మన నౌకాదళం మార్కోస్ కమాండోల చేతుల్లో కనిపించే ఇజ్రాయెల్ టావోర్ ఈ రకానివే. అమెరికాలో పౌరులకు వీటి సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే పేలే) రకాలు అమ్ముతారు.

మన చట్టం ఆకారాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎలా పేలుతుంది, ఏ తూటా తీసుకుంటుంది, బ్యారెల్ ఎంత పొడవు అన్నవే చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టినంతసేపూ పేలుతూ ఉండే ఆయుధాలు నిషేధిత ఆయుధాలు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, సైన్యం వాడే తూటా పట్టే రైఫిళ్లు నియమాల మొదటి షెడ్యూలులో మొదటి కేటగిరీలోనే ఉన్నాయి. వాడుకలో పీబీ, అంటే ప్రొహిబిటెడ్ బోర్ అంటారే, అదే. వాటికి కలెక్టరుగారు లైసెన్సు ఇవ్వలేరు. కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. సరదాకో సాధనకో కావాలంటే అక్కడ ఇవ్వరు. అనుమతి లేకుండా నిషేధిత ఆయుధం దగ్గర ఉంటే శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. కాబట్టి అన్నయ్య దగ్గరున్నది ఇక్కడ మీకు రాదు. విడిభాగాలుగా పార్సిల్ వేయించుకుందామన్న ఆలోచన పొరపాటున కూడా రానివ్వకండి. ఉన్న రైఫిల్ బ్యారెల్ కోయించి పొట్టిగా చేయించుకోవడం కూడా సెక్షన్ 6 ప్రకారం నేరమే.

బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగే) .22 రైఫిల్‌కు బుల్‌పప్ ఆకారం ఉంటే కేవలం ఆ ఆకారం వల్ల లైసెన్సు ఆగదు. అయితే అది మీకేమైనా మేలు చేస్తుందా అన్నది అసలు ప్రశ్న. నా అభిప్రాయంలో చేయదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు అనుమతించరు. మన జాతీయ పోటీల్లో పది మీటర్ల రైఫిల్‌కు ఉన్నవి ఓపెన్ సైట్, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసే) విభాగాలు. బజారులో దొరికే బుల్‌పప్ ఎయిర్ రైఫిళ్లు చాలావరకు పైన టెలిస్కోపు బిగించే పట్టాతోనే వస్తాయి. టెలిస్కోపు తీసేస్తే వాటితో గురి పెట్టడమే కష్టం. ట్రిగ్గర్ సంగతి ఇంకా ముఖ్యం. మీ వేలి దగ్గర ట్రిగ్గర్, వెనకెక్కడో పేల్చే భాగం, రెంటినీ కలుపుతూ ఒక పొడవాటి కడ్డీ. మ్యాచ్ రైఫిల్ ట్రిగ్గర్‌లో ఉండే ఆ తేటదనం అందులో రావడం కష్టం. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. వేలు కదిలిన క్షణానికీ పెల్లెట్ బయలుదేరిన క్షణానికీ మధ్య ఏ కాస్త తడబాటు ఉన్నా కార్డు మీద కనిపిస్తుంది. మన తెలుగు కుర్రాళ్లకు బాగా తెలిసిన పేరు, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్, 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో, .22 రైఫిల్‌తో. మీ దారి ఈ రెంటిలో ఏదో ఒకటి. డబ్బు అటు పెట్టండి.

.22 కొనాలన్న ఆశ ఉంటే చట్టం మీకు అనుకూలంగానే ఉంది. కేంద్రం లైసెన్సు గానీ గుర్తింపు గానీ ఇచ్చిన రైఫిల్ క్లబ్బు లేదా సంఘం సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసు కోసం అడిగితే లైసెన్సు ఇవ్వాలని సెక్షన్ 13(3) చెబుతుంది. ప్రాణహాని ఉందని రుజువు చూపక్కర్లేదు. ఎకరాలు ఉంటేనే తుపాకీ లైసెన్సు ఇస్తారని కోనసీమలో చాలామంది అనుకుంటారు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తోసిపుచ్చకూడదని సెక్షన్ 14 స్పష్టంగా అంటుంది. మీకు 21 నిండాయి కాబట్టి వయసు అడ్డు కాదు. ముందు మీ క్లబ్బుకు నిజంగా ఆ గుర్తింపు ఉందో లేదో కాగితం అడిగి చూడండి. బోర్డు మీద రైఫిల్ క్లబ్ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ తరవాత ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ ఎన్‌డాల్ పోర్టల్‌లో ఫారం ఏ-1 నింపి, క్లబ్బు సభ్యత్వం, మీ స్కోరు కార్డులు, వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ ధ్రువపత్రం జతచేసి అమలాపురం కలెక్టరేట్‌లో ఇవ్వండి. పోలీసు విచారణ జరుగుతుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

అమలాపురం వారు చూసుకోవలసింది మరొకటి ఉంది. మీరు కాకినాడ వెళ్లేది ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగానే కదా. యానాం పుదుచ్చేరిలో భాగం. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లేలా ఉంటే ఆ కొన్ని కిలోమీటర్లూ మీ రైఫిల్‌కు చెల్లుబాటు ఉండదు. దరఖాస్తులోనే ఈ ప్రయాణం సంగతి రాసి, చెల్లుబాటు దేశమంతటికీ అడగండి. లేదా రావులపాలెం, రాజమండ్రి మీదుగా చుట్టూ తిరిగి వెళ్లండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో దారిలో చెక్‌పోస్టులు ఎక్కువ. పోలీసులు తుపాకులు డిపాజిట్ చేయమని కూడా అడుగుతారు. మీరు ఇప్పుడు వాడే 4.5 ఎయిర్ రైఫిల్ అయినా బిల్లు, క్లబ్బు కార్డు లేకుండా బస్సెక్కించకండి.

నాన్నగారి లైసెన్సు ఆయనది. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకులే కాబట్టి ఆయన పేరున రెండోది ఎక్కించుకోవడానికి వీలుంది. కానీ అది ఆయన తుపాకీ అవుతుంది. ఆయన రాసిచ్చిన అనుమతితో మీరు మోసుకెళ్లగలిగేది రిపేరుకో, రెన్యువల్‌కో, ఆయనే వాడుకోవడానికో. మీ సాధనకు కాదు. ఆ డబుల్ బ్యారెల్ మాత్రం మీకు రావాలనుకుంటే దారి ఉంది. ఆయనకు 70 నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, వారసుడిగా మీ పేరున లైసెన్సుకు మీరు దరఖాస్తు చేసుకోవచ్చు.

మావయ్యగారికి మాత్రం ఈ మాట మీరే చెప్పండి, కాస్త నచ్చజెప్పండి. చెరువులో పెట్టుబడి పెట్టినవాడికి నీటికాకుల గుంపు దిగితే కడుపు మండుతుంది, అది నాకు తెలుసు. అయినా వాటిని కొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట. అది ఎయిర్‌గన్‌తో కొట్టినా వేటే. గాయపరిచినా వేటే. కైకలూరు పక్కనే కొల్లేరు, 1999 నుంచి అభయారణ్యం. దాని హద్దులోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు. క్రీడ కోసం అని రాసి తీసుకున్న రైఫిల్ చెరువు గట్టు మీద దొరికితే లైసెన్సు పోతుంది, కేసు మీ పేరునే నడుస్తుంది. చెరువు మీద వలలు, తీగలు కట్టించుకోమనండి.

అడ్వాన్సు సంగతి. డీలర్‌కు వాట్సాప్‌లో కాకుండా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పెట్టండి. లైసెన్సు అక్కర్లేదని మీరు చెప్పారు, ఇది 5.5 ఎంఎం, కాబట్టి లైసెన్సు కావాలి, ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, పది వేలు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వండి అని. డబ్బు పంపిన ఫోన్‌పే రసీదు, ఆయన లైసెన్సు అక్కర్లేదన్న మెసేజీలు చెరిపేయకుండా దాచండి. ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. డీలర్ ఏ ఊరివాడైనా సరే. అయిదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఉత్తరంలో “తుపాకీ ఇస్తే తీసుకుంటాను” అన్నట్టు ధ్వనించే మాట ఒక్కటి కూడా రాయకండి.