‘మనది ఉద్యోగం కాదు, సేవ’ అంటారు, మార్చి తర్వాత జీతం సంగతి చెప్పరు. ఏం చేయాలి?

కడపలో ఒక ఎన్జీఓలో నాలుగేళ్లుగా కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేస్తున్నానని, ప్రాజెక్టు మార్చి 31తో అయిపోతుందని, రెన్యూవల్ గురించి అడిగితే ‘మనది సేవ’ అంటున్నారని, నిద్ర పట్టడం లేదని, ఉండాలా మానేయాలా అని అడిగావు. ‘నువ్వు’ అని పిలుస్తున్నందుకు ఏమనుకోకు తమ్ముడూ, నేను ఇందులోనే పదకొండేళ్లు నలిగి బయటికొచ్చినవాణ్ణి.

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు వాటర్‌షెడ్ పనులు, అంటే వాన నీటిని నిలబెట్టే పనులు చూసేవాణ్ణి. జనవరి వస్తే చాలు, ఆఫీసులో మాటలు తగ్గిపోయేవి. డైరెక్టర్ సార్ హైదరాబాద్ వెళ్లొస్తే ఆయన మొహం చూసి మా ఉద్యోగాలు ఉన్నాయో ఊడాయో లెక్కేసుకునేవాళ్లం. ఒకసారి ‘నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్’ వచ్చిందని స్వీట్లు పంచారు, నేనూ లడ్డు తిన్నా. గడువు ఆరు నెలలు పెరిగింది గానీ పైసా పెరగలేదని, మిగిలిన డబ్బుతోనే నెట్టుకురావాలని తర్వాత తెలిసింది. ఆ ఆరు నెలలకు నా చేతికొచ్చింది మూడు జీతాలు.

అయితే నా నిద్ర పోయింది ఇంకోచోట. ఒక ఫిబ్రవరిలో కుందుర్పి మండలంలో ఒక ఊర్లో, వచ్చే ఏడాది పంట కుంటల కోసమని రైతుల పేర్లు రాసుకుంటున్నా. ప్రపోజల్‌కు కావాలి, రాసుకురమ్మన్నారు. వేరుశనగ పోయి అప్పుల్లో ఉన్న ఒక పెద్దాయన పాస్‌బుక్ జిరాక్స్‌ను పాల ప్యాకెట్ కవర్లో చుట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, "సారూ, మళ్లీ నువ్వే వస్తావు కదా?" అన్నాడు. వస్తానన్నా. ఏప్రిల్‌లో నేనుంటానో లేదో నాకే తెలీదు. ఆ రోజు నుంచి బండెక్కితే చాలు కడుపులో తిప్పేది, గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగినా. టెన్షన్ అని డాక్టరు చెప్పాకే తెలిసింది.

డైరెక్టర్లందరూ చెడ్డవాళ్లని అనను. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరించాక పెద్ద సంస్థలు విదేశీ నిధులు తెచ్చి చిన్నవాటికి పంచడం బందైంది, పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి పడిపోయింది. మాది అట్లా పంచితే బతికే చిన్న సంస్థ. సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) కింద డబ్బిచ్చే కంపెనీలేమో, నేను చూసినంతలో, చెక్‌డ్యామ్‌కు అడిగినంత ఇస్తాయి, దాన్ని కట్టించే మనిషి జీతం దగ్గర మాత్రం గీసి గీసి బేరమాడతాయి. ఇవన్నీ నిజమే. కానీ డబ్బు లేకపోవడం వేరు, లేదని చెప్పకపోవడం వేరు. సేవ అని నీ నోరు మూయించడం ఏం న్యాయం?

ముందు నీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చూడు. జీతంలో పీఎఫ్ లేకుండా 10 శాతం టీడీఎస్ (పన్ను కోత) పోతుంటే నువ్వు కాగితం మీద కన్సల్టెంట్‌వి, ఆ గొడవ వేరే. పీఎఫ్ ఉంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరువు, జీతం స్లిప్పును నమ్మొద్దు. నాకు స్లిప్పులో కోశారు, ఎనిమిది నెలలు కట్టలేదు. ఉద్యోగం మారితే పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకో. నేను ఇంట్లో అవసరాలకని రెండుసార్లు పింఛను వాటాతో సహా లాగేసుకున్నా, దాంతో పాత సర్వీసు పోయి, పదకొండేళ్లు చేసి కూడా పింఛనుకు కావాల్సిన పదేళ్లు లెక్కలో లేవు. ఇంతకంటే తెలివితక్కువ పని నేను ఇంకోటి చేయలేదు.

గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బుకు, వరుసగా ఐదేళ్లు చేయాలంటారు కాబట్టే ఒక ప్రాజెక్టుకూ ఇంకోదానికీ మధ్య పది రోజులు గ్యాప్ చూపిస్తారు కొందరు, నీ తేదీలు చూసుకో. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు రాసి తీసుకున్న) వాళ్లకు ఏడాది చేసినా గ్రాట్యుటీ ఉంది, ఆ మాట ఆఫీసులో వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

మానేయడమంటావా, నువ్వుగా రాజీనామా రాయొద్దు. ఏప్రిల్ నుంచి నేనున్నానా లేదా అని మెయిల్ పెట్టు, నోటిమాటగా అడగొద్దు, జవాబుకు ఒక తేదీ కూడా రాయి. ఈలోపు వేరేచోట్ల వెతుక్కో, అది ద్రోహమేం కాదు. నేనిప్పుడు ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో లెక్కలు చూస్తున్నా, జీతం నాలుగు వేలు తక్కువ, కానీ ఒకటో తారీఖున పడుతుంది. నిద్ర సంగతి నాలాగా గ్యాస్ మాత్రలతో నానబెట్టకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకోటి, నువ్వు తిరిగే ఊర్లలో మార్చి తర్వాత సంగతి ఇంకా తేలలేదని ఇప్పుడే చెప్పెయ్. నేను ఆ పెద్దాయనకు జిరాక్స్ తిరిగిచ్చింది రెండేళ్ల తర్వాత. అప్పటికే ఆయన ఉపాధి హామీలో కుంట తవ్వించుకున్నాడు, నాకు మజ్జిగ ఇచ్చి కుంట చూపించాడు గానీ ఆ కాగితం వైపు చూడలేదు.