లేసు పనికి ప్రైవేటు లిమిటెడ్ ఇప్పుడే కావాలా?

పాలకొల్లులో ఇంటి దగ్గరే ఆడవాళ్లచేత లేసు అల్లించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నానని, ఏడాదికి తొమ్మిది లక్షల దాకా అమ్మకం ఉందని, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ చేయించమని తెలిసినవాళ్లు అంటున్నారని రాశారు. మీరు చెప్పిన లెక్కకి ఇప్పుడే వద్దండి. మాది నర్సాపురం. నేనూ మా తోడికోడలూ ఇదే పనిలో ఉన్నాం. చాలా ఏళ్లు నా ఒక్కదాని పేరు మీదే నడిపాం, తర్వాత కంపెనీ చేశాం. రెండు పద్ధతులూ చూసిన మనిషిగా చెబుతున్నాను.

కంపెనీ వల్ల అసలు లాభం బాకీల దగ్గర. సొంత పేరు మీద నడిపితే వ్యాపారం అప్పు మీ అప్పే, ఇంటి దాకా, ఒంటి మీద బంగారం దాకా వస్తుంది. కంపెనీ అయితే పెట్టిన పెట్టుబడి వరకే పోతుంది. కానీ చిన్న కంపెనీకి లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు మామూలుగా డైరెక్టర్ల సొంత హామీ అడుగుతారు. ఆ సంతకం పెట్టాక ఆ అప్పు మళ్లీ మీ నెత్తి మీదే. అందుకని ముందు చూసుకోవాల్సింది, మీరు ఎవరికి ఎంత బాకీ పడే అవకాశం ఉంది అని. దారం డబ్బులు, అల్లేవాళ్ల కూలి, లేసు ముక్కలు కలిపే అతుకు పనివాళ్ల కూలి ఎప్పటికప్పుడు ఇచ్చేస్తుంటే మీ మీదికి వచ్చేది పెద్దగా ఏమీ లేదు.

మన పనిలో భయమంతా మనకి రావాల్సిన డబ్బు గురించే. ఒక ఎగుమతిదారు మా దగ్గర టేబుల్ క్లాత్‌లు తీసుకుని, విదేశంలో కొన్న పార్టీ డబ్బు ఇవ్వలేదంటూ నెలల తరబడి తిప్పించారు. అల్లినవాళ్లకి మేం కూలి ఇచ్చేశాం, చేతిలో రూపాయి లేదు. అప్పుడు మమ్మల్ని కాపాడింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న తయారీదారుకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ. ఉద్యమ్ నంబరు వేసి, ఈ చట్టం పేరు రాసి ఒక ఉత్తరం పంపితే రెండు విడతల్లో డబ్బు వచ్చేసింది. ఉద్యమ్ నమోదు ఆధార్, పాన్‌తో ఉచితంగా అయిపోతుంది, ఏజెంట్లకి పైసా ఇవ్వకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: నమోదు తయారీ కింద ఉండాలి. కొని అమ్మే వ్యాపారం కింద పడితే ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ రాదు. సరుకు పంపకముందే నమోదు అయ్యుండాలి కూడా.

కంపెనీ పెట్టడం తేలికే, దాన్ని మోయడం దగ్గరే టెన్షన్. అమ్మకం సున్నా ఉన్నా ఏటా ఆడిట్ తప్పదు. లెక్కల ఫారం, వార్షిక రిటర్ను ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు, దానికి పై హద్దు లేదు. మూడేళ్లు వరసగా వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులవుతారు. మూసేద్దామన్నా దరఖాస్తు ఫీజే 10,000. పన్ను సంగతి చూడండి: కంపెనీకి తక్కువ రేటు ఎంచుకున్నా, సర్‌చార్జి, సెస్సు కలిపి మొదటి రూపాయి లాభం నుంచే 25 శాతం పైన. మీ సొంత పేరు మీద అయితే కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపించి దాని మీదే పన్ను కట్టే సదుపాయం కూడా కంపెనీకి లేదు.

జీఎస్టీ కోసం కంపెనీ కావాలనుకుంటున్నట్టున్నారు, ఆ రెండింటికీ సంబంధం లేదు. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. బయటి రాష్ట్రానికి పంపితే మామూలుగా ఆ పరిమితి వర్తించదు, నమోదు కావాలి, మన పక్కనే ఉన్న యానాంకి పంపినా అంతే, అది పుదుచ్చేరి కదా. చేతి లేసు హస్తకళల జాబితాలో ఉంది కాబట్టి 20 లక్షల దాకా కొన్ని షరతులతో వెసులుబాటు ఉంది. కానీ కుట్టి తయారు చేసిన వస్తువు జీఎస్టీలో ఏ సరుకు కోడ్ కిందకి వస్తుందో ఆడిటరుని అడిగి తేల్చుకోండి. పెద్ద షాపింగ్ సైట్లలో పెట్టి బయటి రాష్ట్రాలకి అమ్మాలంటే జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. విదేశాలకి పంపే ఐఈసీ కోడ్ కూడా సొంత పేరు మీదే వస్తుంది, ఫీజు 500.

ఇక పేరు ఎవరైనా కొట్టేస్తారేమో అన్నారు. కంపెనీ పేరు రిజిస్టరైనంత మాత్రాన బ్రాండుకి రక్షణ రాదు, ట్రేడ్‌మార్క్ వేయించండి. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఒక తరగతికి 4,500.

మరి మేమెందుకు మార్చామంటే, మా తోడికోడలు తన పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బు పెట్టింది. మా ఆయనా, మా మరిదీ ఇవాళ కలిసే ఉన్నారు, రేపు వేరు పడితే ఆమె వాటా ఎంతో నోటి మాట మీద ఉండకూడదు. భాగస్వామ్య సంస్థ అయితే ఒకరు చేసిన బాకీకి ఇద్దరం సొంత ఆస్తితో బాధ్యులం. అదే సమయంలో ఒక పెద్ద ఆర్డరు వచ్చింది, ఆలస్యమైతే జరిమానా అన్న షరతుతో. వానాకాలంలో తెల్ల దారం పని ఎంత ఆలస్యమవుతుందో మీకు తెలుసు. ఆ జరిమానా ఇంటి మీదికి రాకుండా కంపెనీ చేశాం. పాన్, జీఎస్టీ, ఐఈసీ, ఉద్యమ్, బ్యాంకు ఖాతా అన్నీ కొత్తవే, అందుకే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టాం.

అల్లేవాళ్లకి కూడా వాటా ఇవ్వాలని రాశారు, అది చదివి మనసు నిండింది. దానికి ప్రైవేటు లిమిటెడ్ కంటే సహకార సంఘం గానీ, కనీసం పది మంది ఉత్పత్తిదారులతో పెట్టే ప్రొడ్యూసర్ కంపెనీ గానీ నయం. 2024లో నర్సాపురం లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కూడా మహిళా సహకార సంఘాల సమాఖ్య పేరు మీదే.

ప్రస్తుతానికి ఉద్యమ్ చేయించుకుని, ఆ కాగితంతో వ్యాపారం పేరున కరెంటు ఖాతా తెరవండి. ఇంటి డబ్బు అందులో కలపకండి. ఎవరైనా పెట్టుబడి పెడతామన్నా, జరిమానా షరతున్న ఆర్డరు వచ్చినా సంతకం పెట్టకముందే ఆ కాగితంలో ఏముందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.