పాఠకుల ప్రశ్నలు: ప్యాడ్ కుట్టే ముందు ఆ పిల్ల ఉండే చోటు చూసి రండి

నెలసరికి ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డ ప్యాడ్లు కుట్టి, లేని ఇళ్ల ఆడపిల్లలకు కిట్లుగా ఇచ్చే ఆడవాళ్ల గురించి పోయిన సంచికలో రాస్తే హైదరాబాద్ నుంచే బోలెడన్ని ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగినవి ఏరి, ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో కుట్టుపని వచ్చినవాళ్లం ఏడెనిమిది మందిమి ఉన్నాం, మిషన్లు కూడా ఉన్నాయి. దగ్గర్లోని ప్రభుత్వ హాస్టల్ పిల్లలకి కిట్లు కుట్టిద్దామని ఉంది. అందరిళ్లలో పాత కాటన్ చీరలున్నాయి, వాటితో సరిపోతుందా? కిట్‌లో ఏమేం పెట్టాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

చాలా మంచి ఆలోచనండీ. కాకపోతే మిషన్ ముందు కూర్చునే ముందు మీలో ఇద్దరు ఒకసారి ఆ హాస్టల్‌కి వెళ్లి రండి. బాత్రూమ్ తలుపులకి గడియలున్నాయా, కుళాయిలో నీళ్లు పొద్దున్నే వచ్చి ఆగిపోతాయా, బట్టలు ఆరేసుకునే దండెం ఎండలో ఉందా లేక మెట్ల కింద చీకట్లో ఉందా అన్నది మీ కళ్లతో చూడాలి. వార్డెన్‌ని అడిగితే "అన్నీ ఉన్నాయమ్మా" అంటారు, అందుకే పిల్లల్ని అడగండి, పక్కన మగవాళ్లు, టీచర్లు లేనప్పుడు అడగండి. నీళ్లు, చాటు, ఎండ, ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా మీరు ఎంత అందంగా కుట్టిన కిట్ అయినా ట్రంకుపెట్టె అడుక్కి పోతుంది, లేదా ఆ పిల్ల తడిగుడ్డే మళ్లీ పెట్టుకుంటుంది, అది ఇంకా ప్రమాదం.

ఇక గుడ్డ. పాత చీరలు పనికిరావని అనను, గూంజ్ సంస్థ దేశమంతటి నుంచి సేకరించిన పాత కాటన్ బట్టలతోనే ప్యాడ్లు చేసి పంచుతోంది. కానీ మనం రెండు మూడేళ్లు ఆగే కిట్ ఇవ్వాలనుకుంటే, ఇప్పటికే వందసార్లు ఉతికి పల్చబడ్డ చీర అంతకాలం రాదు. కొత్త కాటన్ ఫ్లానెల్ కొనండి. జనరల్ బజార్‌లోనో, మదీనా దగ్గరి హోల్‌సేల్ షాపుల్లోనో చంటిపిల్లల బట్టలకి వాడే ఫ్లానెల్ అని అడిగితే చూపిస్తారు. తెచ్చిన గుడ్డని కత్తిరించే ముందు వేడినీళ్లలో తడిపి ఆరేయాలి. ఈ పని మానేస్తే కుట్టాక మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి కొలతలన్నీ మారిపోతాయి.

నమూనా కావాలంటే 2008లో మొదలైన డేస్ ఫర్ గర్ల్స్ అనే సంస్థ పద్ధతి చూడండి, ప్రపంచంలో చాలా దేశాల్లో వాలంటీర్లు అదే కుడుతున్నారు. కెన్యాలో ఒక అనాథాశ్రమంలో ఆడపిల్లలు నెలసరి రోజుల్లో బడి మానేసి గదిలో అట్టముక్కల మీద కూర్చుంటున్నారని తెలిసి మొదలుపెట్టారు. ముందు వాడి పారేసే ప్యాడ్లే ఇచ్చారు, కానీ వాటిని పారేయడానికి అక్కడ చోటే లేదు. తర్వాత గుడ్డవి కుట్టారు. తెల్లగా, చూడగానే ప్యాడ్ అని తెలిసిపోయేలా ఉంటే ఎవరు బయట ఆరేస్తారు? పిల్లల్ని అడుగుతూ నమూనాని మారుస్తూ వచ్చారు. ఇప్పుడు వాళ్ల కిట్‌లో లోపల పెట్టే లైనర్ రెండు పొరల ఫ్లానెల్‌తో కుట్టిన చిన్న తువ్వాలు లాంటి చదరపు ముక్క. మూడు మడతలు పెడితే ప్యాడ్, విప్పితే జేబురుమాలో చేతి తువ్వాలో అనుకుంటారు. దండెం మీద వేసినా ఎవరూ పట్టించుకోరు, పల్చగా విచ్చుకుంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది కూడా. సిగ్గు సమస్యనీ ఆరే సమస్యనీ రెండిటినీ ఒక్క మడతతో తీర్చారు, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆ లైనర్‌ని పట్టి ఉంచేది షీల్డు. పిల్లల క్లాత్ డైపర్లలో బయటివైపు వేసే వాటర్‌ప్రూఫ్ గుడ్డని కాటన్ పొరల మధ్య పెట్టి కుడతారు, రెండు చివర్లా లైనర్ దూర్చడానికి జేబులు, పక్కలకి రెక్కలు, రెక్కలకి టిచ్ బటన్. ఆ వాటర్‌ప్రూఫ్ గుడ్డకి గుండుసూదులు గుచ్చకండి, గుచ్చిన ప్రతి చోటా కారుతుంది. దండేనికి వాడే క్లిప్పులతో పట్టించండి. కుట్టు మరీ దగ్గరగా వేయకండి, దారం పాలిస్టర్‌దే వాడండి. ఒక కిట్‌కి 2 షీల్డులు, 8 లైనర్లు, ఒక సబ్బు, ఒక చిన్న తువ్వాలు, తడిసినవి పెట్టుకోవడానికి జిప్ కవర్లు రెండు, అన్నీ పట్టే బొందు సంచి. ముదురు రంగులు, పూల డిజైన్లు తీసుకోండి, మరకలు కనబడవు.

ప్యాంటీలు మర్చిపోవద్దు. వాటి గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు, కానీ చాలామంది పిల్లలకి సరైనవి ఒకటో రెండో ఉంటాయి, సాగిపోయిన ఎలాస్టిక్‌కి ఏ షీల్డూ నిలబడదు. సైజులు అడిగి రాసుకుని, కిట్‌కి రెండు కొత్తవి పెట్టండి.

ఇచ్చేటప్పుడు ఫొటోలు వద్దండీ. కిట్ చేతిలో పట్టుకుని వరసగా నిలబడ్డ ఆడపిల్లల ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం నాకు చూడబుద్ధి కాదు. మీ పిల్లదైతే ఒప్పుకుంటారా?

ప్రశ్న: మా అమ్మ కాలంలో గుడ్డలు వాడి నానా అవస్థలు పడ్డారు. ఇప్పుడు ప్యాడ్లు వచ్చాక మళ్లీ పేదపిల్లల్నే గుడ్డకి పంపడం న్యాయమా? ఇన్ఫెక్షన్లు రావా?
– పేరు వద్దన్న పాఠకురాలు, నాచారం

మీ కోపం సరైనదే, దాన్ని పక్కకి నెట్టను. ఒడిశాలో ఆసుపత్రులకి వచ్చిన మహిళల మీద చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గుడ్డ వాడేవాళ్లలో ఫంగస్ ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనబడింది. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది: గుడ్డ వాడేవాళ్లలోనే, ఇంటి లోపల ఆరేసేవాళ్లకీ, మరుగుదొడ్డిలో దాచుకునేవాళ్లకీ అది మరీ ఎక్కువ. అంటే మీ అమ్మగారి తరం పడ్డ అవస్థలో సగం ఆ దాపరికం వల్లే. మంచం కింద, చీర కింద, తడితడిగా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది, 15–24 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నామనే చెప్పారు, వాళ్లలో కొందరు దాంతోపాటు ప్యాడ్లూ వాడుతున్నారు. అంటే గుడ్డ ఎక్కడికీ పోలేదు, ఉన్న గుడ్డ ఇంట్లో ఏదో చిరిగిన పేలిక. దాని బదులు శుభ్రంగా కుట్టిన ఎనిమిది లైనర్లు ఇస్తే ఆ పిల్లకి ఒకటి ఆరుతుండగా ఇంకొకటి ఉంటుంది. ప్యాడ్లు కొనుక్కోగలిగి, పారేసే వీలుండి, అవే కావాలంటే అవే ఇవ్వండి. 2018 జులైలో వాటి మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు, జన్ ఔషధి షాపుల్లో 2019 నుంచి సువిధ ప్యాడ్ రూపాయికే అమ్ముతున్నారు. ఏది కావాలో ఆ పిల్లే చెప్పాలి.

ప్రశ్న: అక్కా, నేను హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. గుడ్డ ప్యాడ్ల కిట్ ఇచ్చారు, బాగానే ఉంది కానీ ముసురు పట్టినప్పుడు ఆరట్లేదు, వాసనొస్తోంది. టెర్రస్ మీదకి వెళ్లనివ్వరు. ప్రతి నెలా టెన్షన్.
– అమీర్‌పేట నుంచి

టెన్షన్ పడకు తల్లీ, వాసన రావడం నీ తప్పు కాదు. తీసిన వెంటనే చన్నీళ్లలో జాడించు, వేడినీళ్లు పోస్తే రక్తం మరక గుడ్డలో ఇంకా గట్టిగా పట్టేస్తుంది. మూత పెట్టిన బకెట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నానబెట్టకు, వాసనకి చాలాసార్లు అదే కారణం. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. బట్టలు మెత్తబడటానికి వేసే లిక్విడ్ మాత్రం వేయకు, అది పడితే గుడ్డ తడి పీల్చదు. తర్వాత లైనర్‌ని విప్పి పొడి తువ్వాలులో పెట్టి చుట్టి గట్టిగా నొక్కితే సగం నీళ్లు అక్కడే పోతాయి. ఫ్యాన్ కింద ఆరేసి, చివర్లో ఇస్త్రీ పెట్టు. లైనర్‌కి మాత్రమే సుమా, షీల్డు మీద పెడితే లోపలి వాటర్‌ప్రూఫ్ పొర పాడవుతుంది. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని అర్థం, ఆ రోజుకి మామూలు ప్యాడే వాడు. ఏది వాడినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకో.

దురద, మంట, పెరుగులాంటి తెల్లబట్ట కనబడితే ఆలస్యం చేయకుండా లేడీ డాక్టర్‌కి చూపించుకో. టెర్రస్ సంగతి నువ్వొక్కదానివే అడగొద్దు, ఫ్లోర్‌లో ఉన్నవాళ్లందరూ సంతకాలు పెట్టి, పొద్దున్న ఒక రెండు గంటలు తాళం తీయమని అడగండి.

ప్రశ్న: నగర శివార్లలో ఇటుక బట్టీల దగ్గర పిల్లలకి చదువు చెబుతాను. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. పెద్దపిల్లలకి ఈ కిట్లు ఇప్పించవచ్చా?
– ఒక టీచర్, ఇబ్రహీంపట్నం వైపు

ఇప్పించవచ్చు, వాళ్లు చలికాలం మొదట్లో వచ్చి వానలకి ముందు వెళ్లిపోతారు కాబట్టి వెంట తీసుకెళ్లే వస్తువైతే ఊళ్లో కూడా పనికొస్తుంది. కానీ అక్కడ నీళ్లు డ్రమ్ముల్లో వస్తాయి, స్నానానికే చాటు ఉండదు. ముందు నాలుగు కర్రలు పాతి, పాత ఫ్లెక్సీ చుట్టి మరుగు కట్టించండి, బట్టీ యజమానిని మొహమాటం లేకుండా అడగండి. నీళ్లు తక్కువైనప్పుడు జిప్ కవర్లో లైనర్, సబ్బు, కాసిని నీళ్లు వేసి బాగా కుదిపి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోసి జాడించవచ్చు, అందుకే కవర్లు ఇస్తారు. తెలుగులో కాగితం రాసిస్తే ఎవరు చదువుతారు? బొమ్మలు గీయండి, ఒడియా మాట్లాడే ఒక అమ్మనో అక్కనో పక్కన కూర్చోబెట్టి చెప్పించండి.

ప్రశ్న: నేను టైలర్‌ని, షాపులో గుడ్డ అంచుల్ని దారంతో చుట్టేసే ఓవర్‌లాక్ మిషన్ ఉంది. ఇలాంటి పనిలో మగవాళ్లు చేరితే ఇబ్బంది అనుకుంటారా?
– చింతల్ నుంచి ఒక పాఠకుడు

అన్నా, పంచడానికి, మాట్లాడటానికి మాత్రం ఆడవాళ్లే వెళ్లాలి, అది పిల్లల కోసం. కుట్టుకి అలాంటిదేం లేదు. లైనర్ అంచులు ఇంటి మిషన్ మీద మడిచి కుడితే అక్కడ గట్టిగా అట్టకట్టి ఒరుసుకుంటుంది, ఓవర్‌లాక్ చేస్తే మెత్తగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది. మీ షాపులో ఓవర్‌లాక్ మిషన్ ఉందని రాశారు కదా, ఒక్కో కిట్‌కి ఎనిమిది ముక్కలు, నాలుగు పక్కలా, ఆ పని మీలాంటి చేతికి నిమిషాల్లో అవుతుంది. జాకెట్లకి వేసే టూ బై టూ లైనింగ్ మిగిలితే పారేయకండి, బొందు సంచులకి పనికొస్తుంది. మీ ఉత్తరం మల్కాజిగిరి వాళ్లకి చేరవేస్తున్నాం, వాళ్లు సరేనంటే నంబర్ మీకు పంపిస్తాం.