గూగుల్ ప్రొఫైల్ సస్పెండైన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పిన దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. రాజమండ్రి దానవాయిపేటలో నువ్వు కష్టపడి నిలబెట్టుకున్న ఏసీ, ఫ్రిజ్ మరమ్మతుల షాపు గూగుల్ మ్యాప్స్‌లో కనబడకుండా పోయిందనీ, సరిగ్గా ఎండలు ముదిరే వేళకు ఫోన్లు ఆగిపోయాయనీ, విసిగిపోయి, మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే ప్రొఫైల్‌ను కొత్తగా మరొకటి తెరవబోతున్నావనీ చెప్పింది. నాయనా, ఆ పని మాత్రం చేయకు. ఒకే షాపుకు రెండో ప్రొఫైల్ పెట్టడం నియమాలకు విరుద్ధం కనుక, మొదటిదాని మీద ఉన్న అనుమానం దానితో మరింత బలపడుతుంది. పైగా పాత ప్రొఫైల్‌ను పునరుద్ధరిస్తే ఇన్నేళ్లుగా నీ పని చూసి జనం రాసిన రివ్యూలు కూడా సాధారణంగా వెనక్కు వస్తాయి. కొత్తదానిలో అవి ఉండవు.

రెండేళ్ల కిందట తెనాలిలో నా స్టీలు సామాన్ల కొట్టుకూ ఇదే జరిగిందని నీకు తెలియదు. సస్పెండ్ చేశామన్న మెయిల్ చూసిన రాత్రే, భోజనం కూడా చేయకుండా, ప్రొఫైల్‌ను తిరిగి తెరవమని కోరుతూ గూగుల్‌కు అప్పీల్ పంపేశాను. పంపిన వెంటనే ఆధారాలు జతచేయడానికి ఒక ఫారం తెరుచుకుంటుందనీ, దాన్ని 60 నిమిషాల లోపు నింపి పంపకపోతే ఆ కాగితాలు అప్పీలుకు చేరవనీ నాకు అప్పుడే తెలిసింది. ఆ గంటసేపూ బీరువా అంతా వెతికితే కొట్టు కరెంటు బిల్లు దొరికింది కానీ, మీటరు చూసేవాళ్లు అక్కడికక్కడే తీసి ఇచ్చే ఆ పలుచని కాగితం మీద అక్షరాలన్నీ వెలిసిపోయి, సర్వీసు నంబరులో చివరి మూడు అంకెలు తప్ప ఏమీ కనబడలేదు. గడువు దాటింది, అప్పీల్ తిరస్కరించారు. మరోసారి పరిశీలించమని కోరి, ఈసారి కాగితాలన్నీ సిద్ధం చేసుకుని పంపాక కానీ కొట్టు మళ్లీ మ్యాప్‌లోకి రాలేదు. నేను పడ్డ ఆ బాధ నువ్వు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అప్పీల్ పంపడానికి ముందు నీ ప్రొఫైల్‌ను పరాయివాడి కళ్లతో ఒకసారి చదువు. నేను చూసినంతలో తప్పు పేరులోనే ఉంది. నీ షాపు బోర్డు మీద మీ నాన్నగారి పేరుతో రెండు మాటలే ఉన్నాయి. ప్రొఫైల్‌లో మాత్రం ఆ రెండు మాటల తరువాత 'బెస్ట్ ఏసీ రిపేర్ రాజమండ్రి' అని తగిలించి ఉంది. వెతికేవాళ్లకు ముందుగా కనిపిస్తుందని ఎవరో చెబితే పెట్టి ఉంటావు. కానీ బోర్డు మీద ఏ పేరు ఉందో, జనం నోట ఏ పేరు పలుకుతోందో అదే ప్రొఫైల్‌లో ఉండాలన్నది గూగుల్ నియమం. నువ్వు చేసే పనులు చెప్పుకోవడానికి కేటగిరీలు, సేవల జాబితా వేరుగా ఉన్నాయి. ఆ తోకను ముందు తీసేయి. దాన్ని అలాగే ఉంచి అప్పీల్ చేయడం, తప్పును చేతిలో పట్టుకుని న్యాయం అడగడమే అవుతుంది.

తరువాత చిరునామా. నీ షాపుకు జనం స్వయంగా మిక్సీలు, స్టెబిలైజర్లు తెచ్చి ఇస్తారు కాబట్టి చిరునామా చూపించే హక్కు నీకుంది. ఇంటి దగ్గర నుంచే బయలుదేరి ఇళ్లకు వెళ్లి పని చేసేవాళ్లయితే చిరునామా దాచి, తిరిగే ప్రాంతాలు మాత్రమే ఇవ్వాలి. అయితే నీ జీఎస్టీ సర్టిఫికెట్‌లో డోర్ నంబరు ఒక విధంగా, ప్రొఫైల్‌లో గుడి పక్కన అని మరో విధంగా ఉందట. సర్టిఫికెట్‌లో ఉన్న డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ ఉన్నవి ఉన్నట్టు ప్రొఫైల్‌లో ఎక్కించు. సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ కింద నీ పేరు, ట్రేడ్ నేమ్ కింద షాపు పేరు ఉండాలి. ట్రేడ్ నేమ్ దగ్గర కూడా నీ పేరే ఉంటే, బోర్డుకూ కాగితానికీ పొంతన కుదరదు. అప్పుడు జీఎస్టీ పోర్టల్‌లో సవరణకు దరఖాస్తు పెట్టి, కొత్త సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగడమే మేలు. ఎండాకాలం గిరాకీ పోతుందని నీకు ఆత్రంగా ఉంటుందని తెలుసు, అయినా ఆగమనే చెబుతాను.

కరెంటు బిల్లు విషయంలో నీకు ఇంకో చిక్కు ఉంది. అద్దె షాపు కనుక మీటరు యజమాని పేరు మీద ఉంటుంది. అటువంటి బిల్లు ఒక్కటే పంపితే ఆ షాపు నీదని దానివల్ల తేలదు. దానికి అద్దె ఒప్పందం, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ దగ్గర చేయించిన రిజిస్ట్రేషన్ జతచేయి. షాపు పేరు మీద ఇంటర్నెట్ కనెక్షన్ ఉంటే ఆ బిల్లూ పనికొస్తుంది. బిల్లు నకలు డిస్కం, అంటే కరెంటు సరఫరా చేసే సంస్థ, వెబ్‌సైటు నుంచి దించుకో, వెలిసిపోయిన చీటీని ఫోటో తీయకు. జీఎస్టీ నియమాల ప్రకారం సర్టిఫికెట్ షాపులో కనబడేచోట ఉండాలి, బోర్డు మీద జీఎస్టీ నంబరు రాయించాలి. అది ఎలాగూ చేయవలసిన పనే కనుక ఇప్పుడే చేయించి, వీధి కూడా కనబడేలా బోర్డు ఫోటో తీయి. ఫ్లెక్సీ గాలికి చిరిగిందని మీ అమ్మ చెప్పింది, దాని స్థానంలో గట్టి బోర్డు పెట్టించు.

ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లో చేరాకనే, ప్రొఫైల్ ఏ మెయిల్‌తో నడుపుతున్నావో ఆ మెయిల్‌తోనే అప్పీల్ పేజీ తెరువు. వివరణ రాసేటప్పుడు నీ కష్టాలు, నష్టాలు ఏకరువు పెట్టకు. పేరులో అదనపు మాటలు ఉండేవనీ, వాటిని తొలగించి బోర్డులో ఉన్న పేరునే పెట్టాననీ, చిరునామా సర్టిఫికెట్‌తో సరిచేశాననీ నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. తప్పు ఒప్పుకోవడం నామోషీ కాదు, చదివేవారికి పని తేలిక చేయడం. పంపిన తరువాత స్థితి అదే పేజీలో కనబడుతుంది. తేలేదాకా మళ్లీ మళ్లీ వివరాలు మార్చకు. ఎప్పుడైనా వీడియో ధృవీకరణ అడిగితే వీధి నుంచి మొదలుపెట్టి, బోర్డు చూపించి, తాళంచెవితో షట్టర్ ఎత్తి, లోపల బల్ల మీద విప్పి ఉన్న కంప్రెసర్లు, నీ పనిముట్లు చూపించేదాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి.

ఈ రోజుల్లో నీకు ఫోన్లు కూడా వస్తాయి. గూగుల్ నుంచే మాట్లాడుతున్నామనీ, ఇంత కడితే రేపటికల్లా తెరిపిస్తామనీ అంటారు. అప్పీలుకు రూపాయి కూడా రుసుము లేదు. ఓటీపీ కానీ, పాస్‌వర్డ్ కానీ ఎవరికీ చెప్పకు. కోడలికి కూడా ఈ మాట చెప్పి ఉంచు, షాపు ఫోను ఎక్కువగా తనే ఎత్తుతుంది కదా.

ముందుగా జీఎస్టీ సర్టిఫికెట్ మొదటి పేజీ, బోర్డు ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. ట్రేడ్ నేమ్ ఎలా ఉందో చూసి, అప్పీల్ ఇప్పుడే పెట్టాలో, సవరణ అయ్యాక పెట్టాలో ఆ రాత్రికే ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య