పెద్ద బ్రేక్ డిస్కులు, వెడల్పు టైర్లు వేయిస్తే కారు త్వరగా ఆగుతుందా?

అమలాపురం చుట్టూ కాలువగట్ల మీద తిరిగే కారుకైతే రెండూ దండగే. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ టకటకా అదురుతూ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందంటే బ్రేకుల బలం సరిపోయినట్టే, చాలనిది టైరు పట్టు. పెద్ద డిస్కు లాభమల్లా వేడిని తట్టుకోవడం. మారేడుమిల్లి ఘాట్ దిగేవాళ్లకు పనికొస్తుందేమో, బల్లపరుపు కోనసీమలో ఎందుకు?

ఇక వెడల్పు. గాలి ఒత్తిడి అదే ఉంటే నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు, ఆకారమే అడ్డంగా సాగుతుంది. పొడి రోడ్డు మలుపుల్లో కాస్త మేలు. వానలో ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి కాబట్టి టైరు నీటిమీద తేలే ప్రమాదం ఎక్కువ. దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలే బురదలో ఏ రోడ్డు టైరైనా జారేదే.

కంపెనీ సైజులోనే మంచి టైర్లు వేయించండి. గాడి లోతు 1.6 మి.మీ.కు వచ్చేదాకా ఆగొద్దు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్పించండి.