కాపీ నెమ్మదించిందని ఫార్మాట్ కొట్టకండి, ముందు కేబుల్ చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఇంట్లో ఉన్న ఫోటోలు, వీడియోలు కలిపి 200 జీబీ దాకా ఎక్కిస్తున్నారు. మొదట సెకనుకి 90 ఎంబీ వేగం చూపించి, ఐదు నిమిషాలకే 12కి పడిపోతోంది. ఒక్కోసారి సున్నా దగ్గర ఆగిపోతోంది. తెలిసినవాళ్లు ఫార్మాట్ కొట్టమన్నారు, కొట్టాలా వద్దా అని అడిగారు.

వద్దండి. ఫార్మాట్ కొడితే అందులో ఉన్నదంతా పోతుంది. ఆ డిస్క్‌లో ఇప్పటికే మీ నాన్నగారి ఫోటోలు ఉన్నాయని, వాటికి ఇంకో కాపీ లేదని మీరే రాశారు. ఆ మాట చూశాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను.

నేను తణుకులో పద్నాలుగేళ్లు పెళ్లిళ్ల ఫోటో, వీడియో స్టూడియో నడిపాను. బయటివాళ్లు మా పనంటే కెమెరా పట్టుకోవడమే అనుకుంటారు గానీ, సీజన్‌లో రోజులో సగం పోయేది కాపీలు పెట్టడానికే. కార్డు నుంచి కంప్యూటర్‌కి, కంప్యూటర్ నుంచి డిస్క్‌కి, ఆ డిస్క్ నుంచి ఎడిటింగ్ చేసే కుర్రాడికి, చివరికి పెళ్లివారికి. నెమ్మదిగా నడిచే కాపీలు నేను చూసినన్ని ఎక్కువమంది చూసి ఉండరు. వాటిలో పదికి ఏడు కేబుల్ దగ్గరే తేలాయి. ఎవరేమన్నా ఈ మాట మీదే నిలబడతాను.

2019 ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తాల మధ్య జరిగింది చెప్తాను. మేము తీసిన ఒక పెళ్లిలో పెళ్లికూతురి తమ్ముడు డాలస్‌లో చదువుకుంటున్నాడు. అక్క పెళ్లికి వచ్చి మళ్లీ వెళ్లిపోతున్నాడు. రాత్రి 8.30కి తణుకులో హైదరాబాద్ బస్సు, పొద్దున్నే శంషాబాద్‌లో ఫ్లైటు. ఎడిటింగ్ అయ్యేదాకా ఆగలేనని, తీసిన క్లిప్పులన్నీ ఉన్నవి ఉన్నట్టే కావాలని సాయంత్రం ఐదున్నరకి తన డిస్క్ పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. వీడియోలే 380 జీబీ. ఫోటోలు ఇంకో 40 జీబీ.

కాపీ పెట్టాం. మొదట వందకి పైన చూపించింది, సరే గంటలో అయిపోతుందిలే అనుకున్నాం. నిమిషం తిరక్కుండా 34కి దిగి అక్కడే నిలబడింది. ఇంకా మూడు గంటలు అని చూపిస్తోంది. లెక్క వేసుకుంటే బస్సు వెళ్లిపోయాక పావుగంటకో అరగంటకో అవుతుంది. వాళ్లమ్మగారు ఒకటికి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు, అన్నం చల్లారిపోతోంది, సామాను ఇంకా సర్దలేదు అని. ఆ అబ్బాయి కుర్చీలో కూర్చోలేడు, బయటికి వెళ్లలేడు. నాకూ టెన్షనే. ఇచ్చిన మాట పోతుందని కాదు, అక్క అప్పగింతలు చూసుకోవడానికి ఆ పిల్లాడికి ఉన్నది ఆ క్లిప్పులే.

మా అసిస్టెంట్ ఫోటోలు ఒక విండోలో, వీడియోలు ఇంకో విండోలో రెండూ ఒకేసారి పెట్టాడు. ముందు అది ఆపించాను. హార్డ్ డిస్క్‌లో రాసే ముల్లులాంటి హెడ్ ఒకసారికి ఒకచోటే ఉంటుంది, రెండు పనులు ఒకేసారి ఇస్తే అటూ ఇటూ తిరగడానికే పొద్దుపోతుంది. ఆపినా 34 దాటలేదు. ముందువైపు పోర్టు నుంచి తీసి వెనకవైపు నీలం పోర్టులో పెట్టాం. 34. యాంటీవైరస్ ఆపాం. 34. అప్పుడు మావాడు అన్నాడు, "అన్నయ్యా, డిస్క్ పాడైనట్టుంది, ఒకసారి ఫార్మాట్ కొట్టేద్దామా?" ఆ అబ్బాయి కంగారులో తలూపేశాడు కూడా. ఊపిన మరుక్షణం గుర్తొచ్చింది: "వద్దండీ, అందులో మా నాన్నమ్మ వీడియోలున్నాయి." ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయారట.

కేబుల్ పొట్టిగా ఉండి డిస్క్ సీపీయూ మీద నుంచి వేలాడుతోంది. దాన్ని టేబుల్ మీదికి జరుపుదామని చేతిలోకి తీసుకున్నాను. చూస్తే డిస్క్ సాకెట్‌లో సగం ఖాళీగా ఉంది.

మీ డిస్క్ దగ్గరుంటే మీరూ చూడండి. చాలా పోర్టబుల్ డిస్క్‌లకి సాకెట్ వెడల్పుగా, మధ్యలో చిన్న నొక్కుతో రెండు గదుల్లా ఉంటుంది. అందులో పెద్ద గది పాత ఆండ్రాయిడ్ ఫోన్ల ఛార్జర్ పిన్నుకి సరిగ్గా సరిపోతుంది. ఆ పిన్ను పెట్టినా డిస్క్ పనిచేస్తుంది, లైటు వెలుగుతుంది, ఫోల్డర్లు తెరుచుకుంటాయి. కానీ వేగంగా నడిపించే తీగలు ఉండేది ఆ రెండో చిన్న గదిలో. అవి కలవకపోతే డిస్క్ యూఎస్‌బీ 2, అంటే పాత నెమ్మది రకం, లెక్కన నడుస్తుంది. మన అబ్బాయి అసలు కేబుల్ డాలస్‌లో రూములో మర్చిపోయి, ఇంట్లో పాత ఫోను ఛార్జర్ కేబుల్ తెచ్చాడు.

మా స్టూడియో డిస్క్ కేబుల్, ఆ వెడల్పు పిన్నుది, తీసి పెట్టాను. 112. అప్పటికి టైము 6.25. ఏడున్నరకల్లా వీడియోలు ఎక్కేశాయి, ఇంకో పది నిమిషాల్లో ఫోటోలు. ఆ కేబుల్ కూడా వాడి చేతిలోనే పెట్టి పంపించాను.

ఈ 34 సంగతి కొంచెం చెప్పాలి. యూఎస్‌బీ 2 వేగం 480 అని రాస్తారు. అది మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు. అందులోనూ దారి ఖర్చులు పోగా చేతికి వచ్చేది 30 నుంచి 40. అందుకే కాపీ 30-40 మధ్య గీత గీసినట్టు కదలకుండా నిలబడితే మీ డిస్క్‌కి ఏ జబ్బూ లేనట్టే. కేబులో, పోర్టో, ఒక పోర్టుని నాలుగు చేయడానికి మధ్యలో పెట్టిన హబ్బో దాన్ని యూఎస్‌బీ 2లో కూర్చోబెట్టింది. మొదట కనిపించే పెద్ద అంకెని నమ్మకండి. చాలాసార్లు అది కంప్యూటర్ తన మెమరీలో పెట్టుకున్నది, డిస్క్ మీద పడ్డది కాదు.

ఈ కేబుళ్ల మీద నాకు ఎప్పటి నుంచో కోపం ఉంది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడూ ఒకటే, అదే 5 గిగాబిట్లు. మామూలు మనిషి అంగట్లో నిలబడి ఏది కొనాలో ఎలా తెలుసుకుంటాడు? టైప్-సి వచ్చాక ఇంకా కష్టమైంది. పిన్ను ఆకారం చూస్తే కొత్తది, లోపల తీగలు చూస్తే పాతవి. ఫోను డబ్బాలో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2వే. 2023లో వచ్చిన ఐఫోన్ 15 మామూలు మోడల్‌కి టైప్-సి పోర్టు పెట్టి కూడా లోపల వేగం యూఎస్‌బీ 2దే ఇచ్చారు. ధర చూసి వేగం ఉంటుందనుకునే వీలు కూడా లేదు. అందుకే నేను డిస్క్‌తో వచ్చిన కేబుల్‌కి తెల్ల టేపు చుట్టి డిస్క్ పేరు రాసి పెట్టేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

ఇక మీ సంగతి. మీది గీత గీసినట్టు నిలబడటం లేదు, పడి లేస్తోంది. కాబట్టి కేబుల్ మార్చాక కూడా ఇంకో రెండు మూడు చూడాలి.

మీ 200 జీబీలో వాట్సాప్ ఫోటోలు ఎన్ని ఉన్నాయి? వేలల్లో ఉంటే 12కి పడటం వింతేమీ కాదు. వడ్ల బస్తా భుజానికెత్తుకోవడం వేరు, గింజ గింజా ఏరి మోయడం వేరు. ఒక్కో చిన్న ఫైలుకీ డిస్క్ వెళ్లి పట్టికలో పేరు రాసుకోవాలి, ఇంకోచోటికి వెళ్లి ఫైలు రాయాలి, మళ్లీ పట్టిక సరిచేసుకోవాలి. ఈ డిస్క్‌లు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. అది ఫైలుకి కొన్నిసార్లు చొప్పున వేల ఫైళ్లకి కలిపి చూసుకోండి. అలాంటి ఫోల్డర్‌ని సెవెన్‌జిప్ అనే, ఫైళ్లని మూటకట్టే ఉచిత ప్రోగ్రామ్‌లో కుదించకుండా, అంటే స్టోర్ అని ఉన్నది ఎంచుకుని, ఒకే పెద్ద ఫైలుగా కట్టి పంపండి. తేడా మీ కళ్లతో మీరే చూస్తారు.

పెద్ద వీడియో ఫైలే పెట్టినా కొంతదూరం బాగా వెళ్లి తర్వాత కూలబడుతోందంటే, అది డిస్క్ తయారైన తీరు. దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. పెంకుటింటి కప్పు చూసే ఉంటారు, ఒక వరుస మీదికి ఇంకో వరుస ఎక్కి ఉంటుంది. ఈ డిస్క్‌లలో సమాచారం రాసే గీతలు అలాగే ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ చోట్లో ఎక్కువ పడుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవరుసలు లేపాలి కదా, ఇక్కడా అంతే, కొంచెం మార్చాలంటే పక్కవన్నీ మళ్లీ రాయాలి. అందుకని డిస్క్ వచ్చినదాన్ని ముందు ఒక మూల పడేసుకుని, తీరికైనప్పుడు సర్దుకుంటుంది. ఆ మూల నిండిపోతే మీకు 12 కనిపిస్తుంది. పోర్టబుల్ డిస్క్‌లు చాలావరకు ఇప్పుడు ఇవే. నేను కొన్న ఒక్క డబ్బా మీదా ఆ మాట రాసి లేదు, ఇది కొనేవాళ్లకి అన్యాయం. దీనికి మందు ఓపికే. 30, 40 జీబీ చొప్పున పంపి, మధ్యలో డిస్క్‌ని పీకకుండా కాసేపు వదిలేయండి, తనంతట తను సర్దుకుంటుంది.

విండోస్‌లో ఇంకొకటుంది. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి బయటి డిస్క్‌లకి క్విక్ రిమూవల్ అనేది, అంటే రిమూవ్ కొట్టకుండా తీసినా ఫర్వాలేదనే పద్ధతి, వాళ్లే పెట్టి ఇస్తున్నారు. డివైస్ మేనేజర్‌లో డిస్క్ పేరు మీద పాలసీస్‌లోకి వెళ్లి బెటర్ పర్ఫార్మెన్స్ పెడితే చిన్న ఫైళ్లకి కొంత ఊపు వస్తుంది. స్టూడియోలో నేను పెట్టుకున్నాను. మీ ఇంట్లో మాత్రం పెట్టొద్దంటాను. అది పెట్టాక ప్రతిసారీ సేఫ్‌గా రిమూవ్ కొట్టే తీయాలి. పిల్లలు ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు లాగేస్తారు, అప్పుడు ఫైళ్లే పోతాయి.

నన్ను భయపెట్టింది మీరు రాసిన సున్నా. చిన్న ఫైళ్ల వల్లా, పెంకుల తీరు వల్లా కూడా ఒక్కోసారి సున్నాకి వస్తుంది, నిజమే. కానీ డిస్క్ మీద ఒకచోట దెబ్బతిని, అక్కడ రాయలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నప్పుడు కూడా అచ్చం ఇలాగే ఆగుతుంది. తేడా కనిపెట్టడానికి నా పద్ధతి ఇది: డిస్క్‌లోకి పంపడం కాదు, డిస్క్‌లో నుంచి బయటికి తీసి చూడండి. పెంకుల తీరు వల్ల నెమ్మదించేది రాసేటప్పుడే, చదివేటప్పుడు బాగానే పరిగెడుతుంది. మంచి కేబుల్‌తో పెద్ద ఫైలు బయటికి తీస్తున్నప్పుడు కూడా ఆగి ఆగి వస్తున్నా, టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా, ఆ డిస్క్ ప్రాణం మీదికి వచ్చిందనే అనుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నీలం ఉంటే సరే, పసుపు కనిపిస్తే 05, సీ5 అని ఉన్న వరుసలు చూడండి. 05 దగ్గరిది పాడైపోయి బదులు చోటుకి మార్చేసిన చోట్ల లెక్క. సీ5 దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా, చదవలేక పక్కన పెట్టిన చోట్లు ఉన్నాయని అర్థం. నీలం ఉన్నంత మాత్రాన పూర్తిగా నిశ్చింతగానూ ఉండకండి, నీలం చూపిస్తూనే పోయిన డిస్క్ ఒకటి నా బీరువాలో ఉంది.

అలాంటి డిస్క్‌కి ఫార్మాట్ కొట్టమనే మనిషిని నేను క్షమించలేను. ఏది అడిగినా అదే సలహా, ఫార్మాట్ కొట్టు, చెక్‌డిస్క్ పెట్టు. చెక్‌డిస్క్ అంటే విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రామ్. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి చెక్‌డిస్క్ పెట్టడమంటే జ్వరంతో ఉన్నవాణ్ణి మెట్లెక్కించి దించడమే. అది గంటలకొద్దీ డిస్క్ అంతా తిరుగుతుంది, ఆ తిరుగుడులోనే మిగిలినదీ పోతుంది. ఒక పెళ్లివారు అలా చేసుకుని మా దగ్గరికి వచ్చారు. ఫోటోలు కొన్ని తీయగలిగాం. తాళి కట్టే క్లిప్పు ఎంత ప్రయత్నించినా రాలేదు. మా దగ్గర ఉంచే కాపీ కూడా ఆర్నెల్ల గడువు దాటిందని అప్పటికే చెరిపేశాం. ఆ తర్వాత నేను గడువు పెట్టుకోవడం మానేశాను, ఎంత పాతదైనా పెళ్లివారికి ఫోన్ చేసి అడక్కుండా ఏదీ చెరపలేదు.

కాబట్టి ఈ రాత్రికి 200 జీబీ సంగతి పక్కన పెట్టండి. డిస్క్‌తో వచ్చిన అసలు కేబుల్ వెతికి, హబ్బు లేకుండా నేరుగా కంప్యూటర్‌కి, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకి పెట్టండి. మొదట నాన్నగారి ఫోల్డర్ ఒక్కటీ కంప్యూటర్‌లోకి తీసుకోండి, ఇంకేదీ తెరవకుండా. అది పూర్తిగా వచ్చాక, నాలుగైదు ఫోటోలు తెరిచి చూసుకున్నాక, ఒకే ఒక్క పెద్ద వీడియో ఫైలు డిస్క్‌లోకి పంపి అంకె ఎక్కడ నిలబడుతోందో చూడండి. తీసేటప్పుడు ఎంత వచ్చింది, పంపేటప్పుడు ఎంత వచ్చింది, సీ5 దగ్గర ఏముంది, ఈ మూడూ రాయండి. నేను రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.