విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నిధులు వస్తే మొదట ఏం అడగాలి?

మీ గ్రంథాలయానికి ఈ ఏడాది కొంత డబ్బు మంజూరైందని, విద్యార్థుల తరఫున మిమ్మల్ని సలహా సంఘంలో వేశారని, ఏం కావాలని అడగాలో తోచడం లేదని రాశారు. నేను ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల వైపు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పదకొండేళ్లుగా ఒప్పంద ఉద్యోగిని. పేరు చెప్పను, రేపు మళ్లీ అదే కౌంటర్లో కూర్చోవాలి. కిందటి ఏడాది మాకూ ఇలాగే డబ్బు వచ్చింది. అందులో అక్కరకు వచ్చినవీ చూశాను, మూలన పడ్డవీ చూశాను.

ఏదైనా అడిగే ముందు ఒక నోటుపుస్తకం కొనిపించండి. కౌంటర్ దగ్గర ఎవరికి ‘లేదు’ అని చెప్పినా, వాళ్లు ఏం అడిగారో, ఎన్ని గంటలకు అడిగారో ఒక్క ముక్కలో అందులో రాయాలి. మాకు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ మేడం పెట్టిన నియమం ఇది. ఇచ్చిన పుస్తకాలు రాసుకోవడానికే చేతులు చాలడం లేదు, ఇవ్వనివాటికి కూడా లెక్కలా అని మేమంతా గొణుక్కున్నాం. అందరికంటే ఎక్కువ గొణిగింది నేనే. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, మేం ‘లేదు’ అన్నవాటిలో చాలావరకు మా దగ్గర ఉన్నవే!

ఒక్క ఉదాహరణ చెబుతాను. కల్వకుర్తి వైపు నుంచి వచ్చే ఎంఏ తెలుగు అమ్మాయి గోలకొండ కవుల సంచిక కావాలంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో తెచ్చిన సంకలనం అది. కంప్యూటర్‌లో కొట్టి చూశాను, రాలేదు. లేదమ్మా అన్నాను, పుస్తకంలో రాశాను. పది రోజుల తర్వాత 894.8271 వరుస, అంటే తెలుగు కవిత్వం, సర్దుతుంటే దాని పునర్ముద్రణ ప్రతి చేతికొచ్చింది. వీపున అతికించిన నంబరు చీటీ ఎండకు ఊడిపోయి లోపలి పేజీల్లో ఇరుక్కుని ఉంది. కంప్యూటర్‌లోనూ ఉంది. కాకపోతే ఎప్పుడో ఎవరో రోమన్ లిపిలో ‘కె’ పెట్టి ఎక్కించారు, నేను ‘సి’ పెట్టి వెతికాను. పాలమూరు మనిషి వేసిన పుస్తకాన్ని పాలమూరు పిల్లకు లేదని చెప్పి పంపడానికి ఒక అక్షరం చాలింది.

మా తెలుగు పుస్తకాల్లో చాలావాటిది ఇదే కథ. పాత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లిపి ఎక్కేది కాదు కాబట్టి ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు రోమన్‌లో రాశారు. కొన్నింటిని అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలను చూపిస్తాయి తప్ప తెలుగుగా దాచవు. కోహాలోకి మార్చాక ఆ పేర్లన్నీ గజిబిజి గుర్తులైపోయాయి. కోహా గ్రంథాలయాలు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లో పుట్టింది, యూనికోడ్ తెలుగును చక్కగా తీసుకుంటుంది. లోపం దానిది కాదు, మేం దాన్లో పోసినదానిది.

కాబట్టి వేసవి సెలవుల్లో నలుగురు ఎంఏ విద్యార్థులకు గంటల లెక్కన డబ్బిచ్చి కూర్చోబెట్టాం. పాత రిజిస్టరు చూసి కాదు, ప్రతి పుస్తకం చేతిలోకి తీసుకుని లోపలి పేజీ చూసి తెలుగులో ఎక్కించాలని షరతు. కోహాలో 245 అనే గడి పుస్తకం పేరుకు, 246 దాని మారురూపాలకు. 245లో తెలుగు, 246లో రోమన్ రూపాలు ఎన్ని ఉంటే అన్నీ. మే నెల ఎండలో, ఫ్యాను గాలికి చీటీలు ఎగిరిపోతుంటే గంటసేపు నడిచిన తగవు ఒకటి గుర్తుంది: ఊరి పేరు నల్గొండా, నల్లగొండా? పుస్తకాల మీద రెండూ ఉన్నాయి. చివరికి రెండూ పెట్టాం. ఇప్పుడు ఎవరు ఎలా వెతికినా దొరుకుతుంది.

మాకు వచ్చిన డబ్బులో దీనికి అయింది చాలా తక్కువ. ఎక్కువ భాగం ఎక్కడికి పోయిందంటే, పుస్తకాలు ఎవరికి వారే తీసుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ యంత్రానికి. ప్రతి పుస్తకంలో ఒక చిన్న ట్యాగు అతికిస్తారు, యంత్రం మీద పెడితే చదువుకుంటుంది, ఎవరి చేతి అవసరమూ లేదు. మంచి ఆలోచనే. కానీ ఉన్న పుస్తకాలన్నింటికీ ట్యాగులు అతికించడానికి మనుషులు కావాలి, ట్యాగు నంబరును కేటలాగులోని సరైన పుస్తకంతో ముడిపెట్టాలి. కేటలాగే తప్పుల తడక అయినప్పుడు దేనితో ముడిపెడతారు? ట్యాగులు సగంలో ఆగాయి. ఆ పైన కరెంటు హెచ్చుతగ్గులకు తెర ఆరిపోయింది. నిర్వహణ ఒప్పందం ఎవరు కట్టాలో తేలేలోపు ఏడాది తిరిగింది. ప్రస్తుతం దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు, ఎత్తు సరిగ్గా సరిపోయింది. మీ సంఘంలో ఎవరైనా ఈ యంత్రం పేరెత్తితే వద్దనకండి. కేటలాగు పూర్తయ్యాకే అనండి.

ఇక వేళలు. విద్యార్థి సంఘాలన్నీ రాత్రి పది దాకా తెరవాలని వినతిపత్రాలు ఇస్తూ వచ్చాయి. మేడం కాపలా ఆయనకు కూడా ఒక నోటుపుస్తకం ఇచ్చారు, ‘ఇంకా తెరవలేదు’ అని ఎవరికి చెప్పినా గుర్తు పెట్టమని. ఆయన పేర్లు రాయలేదు, గీతలు గీశాడు, అయిదేసి గీతలకు ఒక కట్ట. ఉదయం ఎనిమిదిన్నరకూ పదికీ మధ్య పేజీ నిండిపోయేది. అందులో ఎక్కువమంది అమ్మాయిలే. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో దేవరకొండ వైపు నుంచి, అచ్చంపేట వైపు నుంచి రోజూ వచ్చి వెళ్లేవాళ్లు మా దగ్గర పెరిగారు. కిటకిటలాడే బస్సు తప్పించుకోవడానికి తొలి బస్సు ఎక్కేస్తారు, వచ్చి వేపచెట్టు కింద కూర్చుంటారు. సాయంత్రం నాలుగు దాటితే మళ్లీ బస్సు చూసుకోవాలి. రాత్రి పది గంటల గ్రంథాలయం వాళ్లకు ఎందుకు? వినతిపత్రాలు రాసింది హాస్టల్ అబ్బాయిలు, వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లు ఏమీ రాయలేదు. ఇప్పుడు ఉదయం ఎనిమిదికి తెరిచి రాత్రి ఎనిమిదికి మూస్తున్నాం, సిబ్బంది రెండు విడతలుగా. రాత్రి వేళ కోసం పోరాడినవాళ్లకు కొంచెం కోపం ఉంది. ఉండనీయండి.

పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు అనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది. మా గోడ మీద ఫ్రేము కట్టించి వేలాడదీశాం. దాని కిందే కూర్చుని ఇన్నేళ్లు పదికి తాళం తీశాం.

పరిశోధక విద్యార్థులు పరిశోధన పత్రికలు (జర్నల్స్) కావాలంటారు. వాటి మీద డబ్బు పెట్టించే ముందు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’లో ఏమున్నాయో చూడమనండి. 2025 జనవరి 1న మొదలైంది. 30 మంది ప్రచురణకర్తల పత్రికలు దాదాపు 13,000, చందా కేంద్రమే కడుతుంది, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడుపుతుంది. మా దగ్గర అది వచ్చిన సంగతి చాలామందికి తెలియదు. రసాయనశాస్త్రం అబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో చదివే స్నేహితుడిని బతిమాలి వ్యాసాలు తెప్పించుకుంటూనే ఉన్నాడు. అతను కావాలన్న వ్యాసాన్ని మా కంప్యూటర్‌లో తెరిచి చూపిస్తే, సంతోషించడం పోయి, ‘ఎప్పటి నుంచి ఉంది సార్ ఇది?’ అని నిలదీశాడు. జవాబు చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆవరణ బయటి నుంచి చూడాలంటే లాగిన్ కావాలి, అది ఇప్పించడం గ్రంథాలయం పని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సొంత పుస్తకాలతో గ్రూప్స్‌కు చదివేవాళ్లకు కింద వేరే హాలు ఇచ్చాక, బస్సు సీటుకు కర్చీఫ్ వేసినట్టు బల్లలకు సంచులు వేయడం తగ్గింది. ఛార్జింగ్ ప్లగ్గులు అడగండి, బల్లకు రెండైనా ఉండాలి. మా వైపు నీళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, శుద్ధి చేసిన మంచినీళ్లు తప్పనిసరిగా అడగండి.

మేం చేయలేకపోయింది ఒకటుంది. పాత పరిశోధన గ్రంథాల బీరువా. పాలమూరు వలసల మీద, ఫ్లోరోసిస్ మీద ఇక్కడివాళ్లే ఊరూరా తిరిగి రాసినవి. కొత్తవి శోధ్‌గంగలోకి, అంటే దేశంలోని పరిశోధన గ్రంథాలను ఆన్‌లైన్‌లో దాచే చోటికి, ఎక్కుతున్నాయి, పాతవాటికి మాత్రం ఆ టైపు ప్రతులే దిక్కు. స్కానింగ్‌కు డబ్బు అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారు. తాళంచెవి ఒక విభాగంలో ఉంది, బీరువా మా దగ్గర ఉంది. మీ దగ్గరా అలాంటి బీరువా ఉండే ఉంటుంది, ఈ విడతలోనే అడిగేయండి.

నోటుపుస్తకం పెట్టేటప్పుడు పెన్నును దారంతో బల్లకు కట్టండి. మాది మొదటి వారంలోనే రెండుసార్లు పోయింది.